ఏసీ ఆపినా దానంతటదే ఆన్ అవుతోంది: తేమ సెన్సార్ పనేనా?

#1 తడి_అద్దం
ఆటో క్లైమేట్ ఉన్న కారు. ఆటోలో 24 పెట్టి వదిలేస్తే పది నిమిషాలకోసారి రీసర్క్యులేషన్ (లోపలిగాలినే మళ్లీ మళ్లీ తిప్పడం) లైటు ఆరిపోయి బయటిగాలి తలుపు తెరుచుకుంటోంది, బ్లోయర్ రెండు మెట్లు పెరుగుతోంది, సగం గాలి ముందద్దం మీదకి మళ్లుతోంది. ఏసీ బటన్ నొక్కి ఆపితే కాసేపటికి మళ్లీ వెలుగుతోంది. బయట 34 డిగ్రీలు. వానా లేదు, చలీ లేదు, అద్దం మీద ఆవిరి అన్నదే లేదు. స్కాన్ టూల్ పెడితే ఎర్రర్ కోడ్ ఒక్కటీ రాలేదు. రెండు వారాల కింద ముందద్దం మార్పించాను, ఈ గోల ఆ తర్వాతే మొదలైంది. మిర్రర్ దగ్గర ఉండే తేమ సెన్సార్ పోయింది, మార్చేయమంటున్నారు. అసలు అది కొలిచేదేమిటి? దేన్ని చూసి ఈ పనులన్నీ చేయిస్తుంది? డబ్బు పెట్టే ముందు దోషి అదేనని తేల్చుకునేదెలా?

#2 స్పానర్12
అద్దం మార్చాక మొదలైందంటే ఇంకేముంది, సెన్సార్ కొత్త అద్దానికి సరిగ్గా ఆనలేదు. మిర్రర్ దగ్గరి డొప్ప ఊడదీసి సెన్సార్ని గట్టిగా నొక్కండి, అయిపోతుంది.

#3 మైక్రోఫారడ్
#2 అంత తేలిగ్గా తేల్చేయకండి, దాని సంగతి తర్వాత చెప్తా.

మిర్రర్ కాడ అద్దానికి అంటుకునే చోట నల్ల ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది కదా, చాలా కార్లలో ఇది అందులోనే ఉంటుంది. వాన సెన్సార్, వెలుతురు సెన్సార్, ఇదీ కలిపి ఒకే డబ్బాగా రావడం మామూలే. పేరుకి తేమ సెన్సార్ గానీ కొలిచేవి మూడు: అద్దం పక్కనున్న గాలిలో తేమ శాతం, ఆ గాలి ఉష్ణోగ్రత, అద్దం లోపలి వైపు ఉష్ణోగ్రత. మొదటి రెండిటితో డ్యూ పాయింట్ లెక్క కడుతుంది, అంటే ఆ గాలి ఎంతకి చల్లబడితే నీరు కట్టడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత. దాన్ని అద్దం ఉష్ణోగ్రతతో పోలుస్తుంది. రెండిటి మధ్య తేడా కొన్ని డిగ్రీలకి తగ్గగానే ఏసీ కంట్రోలర్ మేలుకుంటుంది. ఎన్ని డిగ్రీల దగ్గరన్నది కారుని బట్టి మారుతుంది.

తేమ కొలిచేది చిన్న కెపాసిటర్, అంటే విద్యుత్ చార్జిని పట్టి ఉంచే భాగం; ఎంత పట్టి ఉంచగలదో అదే కెపాసిటెన్స్. ఎలక్ట్రోడ్ల మధ్య పల్చటి పాలిమర్ పొర, చాలావాటిలో పాలీఇమైడ్. గాలిలో ఆవిరి పెరిగితే పొర పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. కెపాసిటెన్స్‌ని ఎంత పెంచుతుందో చెప్పే అంకె, డైఎలక్ట్రిక్ స్థిరాంకం, పాలిమర్‌కి 3, 4 మధ్య ఉంటే నీటిది 80 దగ్గర. అందుకే పొరలోకి రవ్వంత నీరు చేరినా కెపాసిటెన్స్ కొలవగలిగేంత మారుతుంది. పక్కనే ఉన్న చిప్ దాన్ని అంకెగా మార్చి పంపుతుంది. కొత్తగా ఉన్నప్పుడు రెండు మూడు శాతం అటూ ఇటూగా కచ్చితంగానే చెప్తుంది.

#4 తడి_అద్దం
తేమ 60 శాతం దాటితే ఏసీ ఆన్ అవుతుందని ఎక్కడో చదివాను. తప్పా?

#5 మైక్రోఫారడ్
ఒట్టి శాతంతో ఏమీ తేలదు. లోపల 24 డిగ్రీలు, 60 శాతం అనుకోండి. డ్యూ పాయింట్ 15.8. ఎండకి అద్దం 35 ఉంటే ఆవిరి పట్టే మాటే లేదు, 19 డిగ్రీల దూరం ఉంది. అదే గాలి, అదే 60 శాతం, బయట జోరువాన పడి అద్దం 16కి చల్లబడిందనుకోండి. అద్దానికి తగిలే గాలిపొరలో తేమ 98 శాతం. ఇంకో మనిషి ఎక్కి నాలుగు మాటలు మాట్లాడితే చాలు, అద్దం తెల్లబడుతుంది.

#6 లెక్కల_లింగం
లెక్క కట్టుకోవాలనుకునేవాళ్లకి మాగ్నస్ సూత్రం. 1844 నాటిది, స్థిరాంకాలు తర్వాత సవరించారు. ఉష్ణోగ్రత టి, తేమ శాతం హెచ్ అనుకుంటే,

జి = లాన్(హెచ్ ÷ 100) + (17.62 × టి) ÷ (243.12 + టి)
డ్యూ పాయింట్ = (243.12 × జి) ÷ (17.62 − జి)

లాన్ అంటే సహజ లాగరిథమ్, ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డం తిప్పితే కనిపిస్తుంది. 24, 60 వేసి చూడండి, జి విలువ 1.072 వస్తుంది, జవాబు 15.8. #5లో అంకె సరిపోయింది.

#7 మబ్బుగాడు
కారెక్కాలంటే లాగరిథమ్ రావాలా ఇప్పుడు. నేను కిటికీ దించుకుంటా.

#8 కంప్రెసర్_బాబాయ్
నవ్వులాటకి అన్నావు గానీ మబ్బూ, కంట్రోలర్ మొట్టమొదట చేసేదీ అదే. రీసర్క్యులేషన్ ఆపి బయటిగాలి తలుపు తీస్తుంది. కూర్చున్న మనిషి ఊపిరి, చెమట కలిపి గంటకి సుమారు 50 గ్రాముల నీరు గాల్లోకి వదులుతాడు. నలుగురైతే 200. కారులో గాలి 3 ఘనమీటర్లు అనుకుంటే, 24 డిగ్రీల దగ్గర అది మోయగలిగే ఆవిరి మొత్తం 65 గ్రాములు. ఏసీ ఆపి రీసర్క్యులేషన్‌లో పెట్టి నలుగురు కూర్చుంటే, 50 శాతం నుంచి నిండిపోవడానికి లెక్కప్రకారం పది నిమిషాలు. సీట్ల బట్ట కొంత పీలుస్తుంది, సందుల్లోంచి కొంత పోతుంది, కాబట్టి ఇంకాస్త పట్టొచ్చు. అయినా సంగతి అర్థమైందిగా.

తలుపు తీసినా తేడా పెరగకపోతే బ్లోయర్ పెంచుతుంది, గాలిని అద్దం వైపు మళ్లిస్తుంది, కంప్రెసర్ వేస్తుంది, ఆఖరికి పూర్తి డీఫ్రాస్ట్, అంటే గాలంతా అద్దం మీదకే. ఈ వరస కంపెనీని బట్టి ముందువెనకలవుతుంది.

కంప్రెసర్ వేసేది చల్లదనం కోసం కాదు. ఏసీలో గాలిని చల్లబరిచే భాగం ఎవాపరేటర్, దాని రెక్కలు రెండు మూడు డిగ్రీల్లో ఉంటాయి, గాలిలో నీరు అక్కడే కారిపోతుంది. ఆరిన గాలిని హీటర్ కోర్ (ఇంజిన్ కూలెంట్ వేడితో గాలిని వెచ్చబెట్టే భాగం) మీదుగా పంపి వెచ్చబెట్టి అద్దం మీదకి కొడుతుంది. ఆవిరి పట్టినప్పుడు ఏసీ, హీటర్ రెండూ కలిపి వేయమనేది అందుకే. "హీటరు వేసి ఏసీ ఎందుకు దండగ" అనేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి.

#9 తడి_అద్దం
అంటే నా కారు చేస్తున్నవన్నీ ఆవిరి పట్టబోతోందన్న అనుమానంతో చేస్తున్నవే. అద్దం మాత్రం పొడిగా ఉంది.

#10 స్పానర్12
నేను ముందే చెప్పానుగా, అద్దానికి ఆనలేదు, తప్పు రీడింగ్ ఇస్తోంది. #3 గారు తర్వాత చెప్తానని ఇంకా చెప్పలేదు.

#11 మైక్రోఫారడ్
చెప్తున్నా. అద్దం ఉష్ణోగ్రత కొలవడానికి రెండు పద్ధతులు. ఒకటి, స్ప్రింగు మీద కూర్చున్న చిన్న థర్మిస్టర్ (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే భాగం) అద్దాన్ని తాకుతూ ఉంటుంది. రెండోది తాకకుండా ఇన్‌ఫ్రారెడ్‌తో చూస్తుంది. తాకేదే అనుకుందాం, అది ఆనలేదనుకుందాం. అప్పుడు చూపించేది అద్దం వేడి కాదు, డొప్పలో గాలి వేడి. వీరి కారు బయట 34లో ఉంది, అద్దం 38 ఉంటే అది 30 చూపిస్తుంది. డ్యూ పాయింట్ 15, 16 దగ్గర ఉన్నప్పుడు 38 అయినా 30 అయినా ఒకటే, అనుమానం రాదు.

ఆనకపోతే తిప్పలు వచ్చేది చలిలో, వానలో. అద్దం 8 ఉంటే సెన్సార్ 18 అంటుంది, "అంతా బాగుంది" అని కూర్చుంటుంది, మీకు మాత్రం ఎదురుగా రోడ్డు కనపడదు. లక్షణం అటు తిరగాలి, ఇక్కడ ఇటు తిరిగింది.

ఒక్క మినహాయింపు. థర్మిస్టర్ తీగ తెగితే నిరోధం అనంతం. ఇది చల్లబడేకొద్దీ నిరోధం పెరిగే రకం (ఎన్‌టీసీ), దాని భాషలో అంటే గడ్డకట్టే చలి. అద్దం మైనస్ 40 అని చూపిస్తుంది. అలాంటప్పుడు మాత్రం వీరు చెప్పినట్టే గోల చేస్తుంది, అయితే ఆ విలువ నమ్మదగింది కాదని కోడ్ కూడా వేయాలి.

#12 స్పానర్12
ఒప్పుకున్నా. నొక్కమన్న మాట వెనక్కి.

#13 లిన్‌బస్_ప్యాసింజర్
ఊహలెందుకు, లైవ్ డేటా, అంటే సెన్సార్లు ఆ క్షణంలో పంపే విలువలు, స్కానర్‌లో చూడండి. కోడ్లు మాత్రమే చదివే చవక రీడర్ కుదరదు, ఏసీ మాడ్యూల్ (ఏసీని నడిపే కంప్యూటర్)లోకి వెళ్లగలిగేది కావాలి. అక్కడ క్యాబిన్ తేమ, అద్దం ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ అని వరసలు ఉంటాయి. కొన్ని కార్లలో తేమ సెన్సార్ విలువలు బాడీ మాడ్యూల్ (లైట్లు, వైపర్లు లాంటివి చూసే కంప్యూటర్) కింద దొరుకుతాయి, వాన సెన్సార్‌తో కలిసి ఉంటుంది కాబట్టి. ఏసీలో కనపడకపోతే లేదని అనుకోకండి.

విలువలే రాకపోతే వైరింగ్. మూడు తీగలుంటే చాలావరకు లిన్ బస్, అంటే ఒకే డేటా తీగ మీద కారు భాగాలు మాట్లాడుకునే పద్ధతి: 12 వోల్టులు, ఎర్త్, డేటా. డేటా తీగ మీద మీటరు పెడితే బ్యాటరీ వోల్టేజీ కన్నా కాస్త తక్కువగా ఊగుతూ కనిపించాలి. కదలకుండా 12 ఉంటే ఎవరూ మాట్లాడటం లేదు, సున్నా ఉంటే తీగ ఎర్త్‌కి తగులుతోంది. పాత కార్లలో 5 వోల్టుల సప్లై, మామూలు వోల్టేజీ సిగ్నల్ ఉండే రకాలూ ఉన్నాయి, సర్క్యూట్ డయాగ్రామ్ చూశాకే మీటరు పెట్టండి.

#14 సగంటన్ను
అంత స్కానర్ హంగామా అక్కర్లేదు. చిన్న డిజిటల్ తేమ మీటరు సీటు మీద పెట్టండి. అది 60 చూపించి కారు 42 చూపిస్తే సెన్సార్ పోయినట్టే.

#15 లెక్కల_లింగం
#14 గారూ, కారు చూపించే అంకె చదవాలన్నా ఆ స్కానర్ కావాలిగా! సరే, అది పక్కన పెడదాం. మీరు చెప్పిన ఆ రెండు అంకెలూ సరైనవే కావచ్చు. సీటు దగ్గర 24 డిగ్రీలు, 60 శాతం. అద్దం దగ్గర ఎండకి వేడెక్కిన గాలి 30 డిగ్రీలు. అదే ఆవిరి, వేడి పెరిగింది కాబట్టి శాతం 42కి పడిపోతుంది. రెండు చోట్లా డ్యూ పాయింట్ 15.8. ఏ సెన్సారూ అబద్ధమాడలేదు. పోల్చాల్సింది శాతాల్ని కాదు, డ్యూ పాయింట్లని. లేదా మీ మీటర్ని సెన్సార్ డొప్ప పక్కనే టేపుతో అంటించి, కారు నీడలో పెట్టి, బ్లోయర్ ఆపి, తలుపులు తీసి అరగంట ఆగి అప్పుడు చదవండి. ఐదారు శాతం తేడా ఉంటే పట్టించుకోకండి, చవక మీటర్లే అంత తప్పుతాయి.

#16 సగంటన్ను
నిజమే, వేడి సంగతి మరిచాను. మంచి సెన్సార్‌ని పీకించేవాణ్ణి.

#17 లిన్‌బస్_ప్యాసింజర్
#15కి కలుపుతున్నా, ఇంకో రెండు పరీక్షలు.

ఊదే పరీక్ష: లైవ్ డేటా తెరిచి, డొప్ప చీలికల దగ్గర నోరు పెట్టి, అద్దం తుడిచేముందు "హా" అంటామే, అలా రెండు మూడుసార్లు. తేమ కొన్ని సెకన్లలో 80 దాటాలి, వదిలేశాక ఒకటి రెండు నిమిషాల్లో పాత అంకెకి దిగాలి. పెరగకపోతే సెన్సార్ చచ్చింది, లేదా చీలికలు మూసుకుపోయాయి. పెరిగి దిగకపోతే పొర పాడైంది.

ఉప్పు పరీక్ష: సీసా మూతలో ఉప్పు, అది ముద్దలా తడిసేంత నీరు. కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. సెన్సార్ని అద్దం నుంచి విప్పి, తీగతోనే వేలాడనిచ్చి, మూతతో సహా జిప్ కవర్లో పెట్టి మూయండి. ఉప్పు ముద్ద సెన్సార్‌కి తగలకూడదు. ఐదారు గంటలయ్యాక చదవండి. నీటితో సంతృప్తమైన మామూలు ఉప్పు పైన గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది, 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఇంచుమించు మారదు. 70 నుంచి 80 మధ్య చూపిస్తే బతికే ఉంది.

#18 తడి_అద్దం
స్కానర్ దొరికింది. నీడలో, తలుపులు తీసి, #15లో చెప్పినట్టు అరగంట ఆగి తీసిన విలువలు:

సెన్సార్ దగ్గర గాలి 29
తేమ 99
అద్దం 33
పక్కన అంటించిన మీటరు 29 డిగ్రీలు, 48 శాతం

ఊదాను. 99. ఆగాను. 99.

#19 మబ్బుగాడు
కారులో కాదు, చెరువులో ఉన్నానని అనుకుంటోంది పాపం.

#20 లెక్కల_లింగం
29, 48కి అసలు డ్యూ పాయింట్ 16.9. అద్దం 33, అంటే 16 డిగ్రీల దూరం. సెన్సార్ లెక్కలో మాత్రం 28.8, దూరం నాలుగే.

పది నిమిషాలకోసారి ఎందుకు వస్తుందో కూడా ఇందులోనే ఉంది. తేమ 99 దగ్గర ఇరుక్కుంటే డ్యూ పాయింట్ అంటే ఇంచుమించు గాలి ఉష్ణోగ్రతే. ఎండలో అద్దం గాలికన్నా బాగా వేడిగా ఉంటుంది, కంట్రోలర్ ఊరుకుంటుంది. కారు నీడలోకి వెళ్లినప్పుడో, అద్దం చల్లబడినప్పుడో తేడా తగ్గుతుంది, వెంటనే తలుపు తెరుస్తుంది. 99 అనేది నిజంగా వచ్చే విలువే కాబట్టి కోడ్ కూడా వేయదు.

#21 కంప్రెసర్_బాబాయ్
అద్దం వేసినప్పుడు డొప్ప మీద ఏం కొట్టారో అడగండి. గ్లాస్ క్లీనర్ నేరుగా మిర్రర్ మీద స్ప్రే చేయడం అందరూ చేసే తప్పు. చీలికల్లోంచి లోపలికి పోతుంది. అద్దం అతికించే ప్రైమర్‌లో సాల్వెంట్ ఉంటుంది, దాని ఆవిరీ మంచిది కాదు. ఇంకొకటి, పైఅంచున యురెథేన్ బీడ్‌లో (అద్దాన్ని అతికించే జిగురు వరసలో) ఖాళీ ఉండి నీళ్లు కారితే అవి సరాసరి దిగేది మిర్రర్ కాడ మీదకే. సెన్సార్ మార్చి ఊరుకుంటే కొత్తదీ పోతుంది.

లీకు చూడాలంటే ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. ప్రెషర్ వద్దు, నెమ్మదిగా పారే నీరు. కింది అంచు నుంచి మొదలెట్టి పైకి రండి, ఒక్కోచోట రెండు మూడు నిమిషాలు. పైనుంచి మొదలెడితే నీరు అంతటా పారి, ఎక్కడ కారిందో తెలియదు.

#22 మైక్రోఫారడ్
#21లో చెప్పిందంతా నిజం. సెన్సార్ ముఖం మీద అగ్గిపుల్ల తలంత కన్నం ఉంటుంది, దానికి చాలావాటిలో తెల్లటి పొర అడ్డం ఉంటుంది. ఆవిరి లోపలికి వెళ్తుంది, నీటిచుక్క బయటే ఆగుతుంది. క్లీనర్‌లో సబ్బు లాంటి పదార్థం ఉంటే చుక్క కూడా ఆగదు, లోపలికి దిగి ఎండి పెచ్చులా మిగులుతుంది. ఆ పెచ్చు మళ్లీ తేమ పీలుస్తూ చిప్ మీద తడిని అలాగే పట్టి ఉంచుతుంది.

దయచేసి స్పిరిట్‌తో తుడవకండి, కన్నంలో దూది పుల్ల పెట్టకండి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టకండి. సిలికోన్ స్ప్రే, డాష్‌బోర్డ్ పాలిష్ కూడా పడవు.

#23 మబ్బుగాడు
హెయిర్ డ్రయర్ పెడితే ఆరదా?

#24 మైక్రోఫారడ్
ఆరేది నీరు, సబ్బు కాదు. విడి చిప్పుల్ని 100 డిగ్రీల పైన పొడిగాలిలో గంటలకొద్దీ ఉంచి, తర్వాత తేమగాలిలో పెట్టి దారికి తెచ్చే పద్ధతి తయారీదార్ల పత్రాల్లో ఉంటుంది. అది చిప్‌కి. మన డబ్బాలో ప్లాస్టిక్ లెన్సు, జెల్ ప్యాడ్ ఉన్నాయి, అంత వేడికి వంకర్లు పోతాయి. డొప్ప తీసేసి, రెండు రోజులు పొడిగా ఏసీలో తిప్పి చూడండి. ఒట్టి నీరైతే తేమ అంకె దిగుతుంది.

#25 నీలి_చినుకు
మధ్యలో వస్తున్నా, నాదీ ఆవిరి గొడవే. ఉక్కపోతగా ఉన్న రాత్రి డీఫ్రాస్ట్ ఫుల్‌గా, చలి ఫుల్‌గా పెడితే అద్దం ఇంకా ఎక్కువ మసకబారుతుంది. ఇదీ సెన్సార్ తప్పేనా?

#26 కంప్రెసర్_బాబాయ్
వేలితో గీత గీయండి. లోపల గీస్తే ఆవిరి చెరగలేదా? అయితే అది బయట ఉంది. చల్లగాలితో మీరే అద్దాన్ని బయటిగాలి డ్యూ పాయింట్ కన్నా కిందకి దించారు. లోపలున్న సెన్సార్‌కి బయటి తేమ తెలియదు, దాని లెక్కలో అంతా బాగానే ఉంది. వైపర్ ఒకసారి వేయండి, గాలిని ముఖం వైపు తిప్పండి, ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెంచండి. ఫుల్ చలి, డీఫ్రాస్ట్ కలిపి పెట్టకండి.

#27 నీలి_చినుకు
లోపల గీస్తే ఆవిరి చెరగలేదు. బయటే. ఇంకొకటి, ఏసీ ఆపిన నిమిషంలోనే గుప్పున లోపల పడుతుంది, అది?

#28 కంప్రెసర్_బాబాయ్
ఎవాపరేటర్ రెక్కలకి పట్టిన నీరు. కంప్రెసర్ ఆగగానే రెక్కలు వేడెక్కుతాయి, బ్లోయర్ ఆ నీటినంతా ఆవిరి చేసి మీ ముఖం మీదకి, అద్దం మీదకి తెస్తుంది. రీసర్క్యులేషన్‌లో ఉంటే మరీ ఘోరం. ఏసీ ఆపే ముందు బయటిగాలికి మార్చుకోండి. అయినా తగ్గకపోతే డ్రెయిన్ గొట్టం చూడండి. ఉక్కలో పది పదిహేను నిమిషాలు ఏసీ నడిచాక కారు కింద నీటిచుక్కలు పడాలి. పడకపోతే, మలుపులో డాష్‌బోర్డ్ వెనక గలగల శబ్దం వస్తే, ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంటే గొట్టం మూసుకుపోయింది. కింది నుంచి మెత్తటి తీగతో తీయాలి, కంప్రెసర్ గాలి జోరుగా కొడితే లోపల గొట్టం ఊడొచ్చు.

అద్దం మీద జిడ్డు పొర, తియ్యటి వాసన, కూలెంట్ తగ్గడం మూడూ కలిసి ఉంటే మాత్రం హీటర్ కోర్ కారుతోంది. దాన్ని ఏ సెన్సారూ బాగుచేయదు.

#29 సగంటన్ను
నాదో సందేహం. సెన్సార్ లేని కార్లు ఇన్నేళ్లు నడవలేదా? బటన్ నొక్కుకోలేమా మనం?

#30 మైక్రోఫారడ్
నొక్కుకోవచ్చు. అయితే ఇది ఆవిరి కోసమే కాదు. లోపలి తేమ తెలియని కారు భయంతో బతకాలి: ఎవాపరేటర్‌ని ఎప్పుడూ రెండు మూడు డిగ్రీల దగ్గర ఉంచి, మరీ చల్లబడిన గాలిని మళ్లీ వేడిచేయాలి. తేమ తెలిస్తే, పరవాలేదనుకున్నప్పుడు ఎవాపరేటర్‌ని పది డిగ్రీల దాకా వదిలేయొచ్చు. సామర్థ్యం మార్చుకోగల కంప్రెసర్ అయితే ఆ మేరకి తక్కువ పనిచేస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఇంకా ముఖ్యం. అక్కడ ఇంజిన్ వేడి ఉచితంగా రాదు. చలిలో బయటిగాలిని వేడిచేసి మళ్లీ బయటికే వదిలేస్తే బ్యాటరీ ఖాళీ. ఆవిరి పట్టనంతవరకు లోపలిగాలినే తిప్పుకోవాలి, ఎంతవరకు తిప్పొచ్చో చెప్పేది ఈ సెన్సారే.

#31 లిన్‌బస్_ప్యాసింజర్
చలి దేశాల వాళ్లకి ఒక మాట. చాలా కార్లలో బయట నాలుగైదు డిగ్రీల కన్నా తగ్గితే బెల్టుతో తిరిగే కంప్రెసర్‌ని వేయనివ్వరు. అప్పుడు ఏసీ లైటు వెలిగినా ఎండబెట్టే పని జరగదు. బయటిగాలి మీదే ఆధారం, ఆ చలిలో దానిలో ఆవిరి చాలా తక్కువ కాబట్టి అది చాలు. రీసర్క్యులేషన్ మాత్రం వేయకండి.

#32 తడి_అద్దం
డొప్ప తీశాను. చీలికల అంచున, కన్నం చుట్టూ నీలం రంగు ఎండిన పెచ్చు. క్లీనర్ రంగే. నీళ్లు పోసి చూశాం, ఎక్కడా కారలేదు. కనెక్టర్ పిన్నులు శుభ్రంగా ఉన్నాయి. రెండు రోజులు పొడిగా తిప్పాక తేమ 91కి దిగింది, ఊదితే 93, అక్కడే ఉంది. మీటరు 45 అంటోంది. కొత్తది తెప్పిస్తున్నా. విప్పే, పెట్టే పద్ధతి ఎవరైనా చెప్పండి.

#33 స్పానర్12
ఇది నా వంతు. బండి ఆపి తాళంచెవి తీసేసి ఐదు నిమిషాలు ఆగండి, మాడ్యూళ్లు నిద్రపోవాలి. డొప్ప రెండు ముక్కలుగా ఉంటుంది, కిందకి లాగకండి, పక్కలకి విడదీయండి. చలిలో క్లిప్పులు విరుగుతాయి, కారు వెచ్చగా ఉన్నప్పుడు తీయండి. కనెక్టర్ నాలుక నొక్కి లాగండి, తీగ పట్టుకుని కాదు. సెన్సార్ని పట్టి ఉంచేవి రెండు స్ప్రింగు చేతులు, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒకటొకటిగా వదులు చేస్తే డబ్బా చేతిలోకొస్తుంది. అద్దానికి అతికిన బ్రాకెట్‌ని మాత్రం కదపొద్దు.

వాన సెన్సార్ కలిసిన రకమైతే అద్దానికి ఆనే జెల్ ప్యాడ్ ఉంటుంది. పాతది మళ్లీ వాడకండి. అద్దం ఆ చోట శుభ్రంగా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, జెల్‌ని ముందు ఒక అంచు తాకించి నెమ్మదిగా పడుకోబెట్టండి. బయటి నుంచి చూస్తే బుడగలు కనపడకూడదు. లెన్సు ఎదుట బుడగ ఉంటే వైపర్లు పిచ్చిగా తిరుగుతాయి. తేమ సెన్సార్ బాగైందని సంబరపడేలోపు ఇంకో థ్రెడ్ తెరవాల్సి వస్తుంది.

డబ్బా మీద పార్ట్ నంబర్ చివరి అక్షరంతో సహా చూసి తెప్పించుకోండి. ఒకే ఆకారంలో తేమ కొలిచేదీ, కొలవనిదీ రెండూ ఉంటాయి. కొన్ని కార్లలో స్కానర్‌తో కోడింగ్, అంటే కొత్త భాగాన్ని కారుకి పరిచయం చేయడం, కూడా కావాలి.

#34 మబ్బుగాడు
స్పానర్ గారు నొక్కడం నుంచి విప్పడం దాకా ఎదిగారు.

#35 తడి_అద్దం
పెట్టాను. బుడగలు లేవు, కోడింగ్ అడగలేదు. నీడలో గాలి 29, తేమ 47, అద్దం 34, పక్క మీటరు 46. ఊదితే 88కి ఎగిరి నిమిషంలోపు 50కి దిగింది. గంట తిప్పాను, రీసర్క్యులేషన్ లైటు ఒక్కసారీ ఆరలేదు. ఏసీ ఆపితే ఆగే ఉంది.

మిర్రర్‌కి సెంటు డబ్బా వేలాడుతోంది, సెన్సార్‌కి నాలుగు అంగుళాల దూరం. పరవాలేదా?

#36 మైక్రోఫారడ్
తీసి వెనక సీటు వైపు పెట్టుకోండి. అద్దం తుడిచేటప్పుడు క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టి తుడవండి, అద్దం మీద కాదు.